అన్నం తగ్గించి బరువు తగ్గడం: తిరుపతిలో నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో డైటీషియన్‌ని. పదమూడేళ్లుగా ఇదే పని. బరువు తగ్గాలని వచ్చేవాళ్లలో యూనివర్సిటీ లెక్చరర్లు ఉంటారు, కొండమీద డ్యూటీ చేసేవాళ్లు ఉంటారు, చంద్రగిరి నుంచీ పుత్తూరు నుంచీ బస్సెక్కి వచ్చే రైతులుంటారు. అడిగే ప్రశ్నలు మాత్రం అందరివీ ఇంచుమించు ఒకటే. ఫోన్లో చెప్పిందే చెప్పి గొంతు పోతోంది కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇది అందరికీ కలిపి చెప్పే సమాచారం. మీ రిపోర్టులు చూసిన డాక్టర్ ఇంకోలా చెబితే ఆ మాటే వినండి.

లో-కార్బ్ అంటే అన్నం పూర్తిగా మానేయాలా?

అక్కర్లేదు. అన్నం, ఇడ్లీ, చపాతీ, చక్కెర, ఉర్లగడ్డ (బంగాళాదుంప), వీటన్నింటిలో ఎక్కువగా ఉండేది పిండి పదార్థం, అంటే కార్బోహైడ్రేట్. మన దేశంలో జనం తినే ఆహారంలో శక్తి దాదాపు 62 శాతం దీన్నుంచే వస్తోందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన ఇండియాబ్ సర్వే 2025లో తేల్చింది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి అది 310 గ్రాములు అవుతుంది. ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం దాటొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. పిండి పదార్థం రోజుకు 130 గ్రాముల లోపు తింటే దాన్ని లో-కార్బ్ అనడం వైద్యంలో వాడుక. నేను చాలామందికి 120 నుంచి 150 మధ్య పెడతాను. అంతకంటే కిందికి దిగితే మన వంటింట్లో నెల తిరక్కుండానే దారి మూసుకుపోతుంది.

మన అలవాటు ఏమిటంటే పళ్లెం నిండా అన్నం, దానికి నంజుకోవడానికి చెంచాడు కూర. నేను అడిగేది దీన్ని తిరగేయమని. పళ్లెం నిండా కూర, పప్పు ఉండాలి. నంజుకోవడానికి అన్నం.

కీటో, ఇదీ ఒకటేనా?

కాదు. కీటోలో కార్బ్స్ రోజుకు 20 నుంచి 50 గ్రాములకు దిగిపోతాయి. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో మూర్ఛ రోగుల కోసం మొదలైన వైద్యం అది. బరువు తగ్గించే మార్గంగా తర్వాత జనంలోకి వచ్చింది. మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ గారి పేరుతో ప్రచారమైన కొవ్వు ఆహార పద్ధతి కూడా ఆ కుటుంబానికి చెందినదే. తిరుపతిలో ఆ రోజుల్లో ఏ పెళ్లికి వెళ్లినా ఒకరిద్దరు నిమ్మకాయ నీళ్ల సీసా పక్కన పెట్టుకుని కనిపించేవాళ్లు.

దాన్ని ఎగతాళి చేసే హక్కు నాకు లేదు. రెండో కాన్పు తర్వాత, 2018లో, డైటీషియన్‌ని అయ్యుండి కూడా నేనే కీటో చేశాను. మూడు నెలల్లో 11 కిలోలు తగ్గాను. తర్వాత మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్లో ఒక గరిటె పులిహోర తిన్నాను. ఆ గరిటె ఒక వారమైంది, వారం నెలైంది. ఏడాది తిరిగేసరికి 13 కిలోలు పెరిగాను. పులిహోర చేసిన తప్పేమీ లేదు. పులిహోరకు చోటే లేని డైటు ఎంచుకోవడం నా తప్పు. కీటో కొందరికి బాగానే పనిచేస్తుంది, డాక్టర్ పర్యవేక్షణ ఉంటే నేను అడ్డు చెప్పను. కానీ పదేళ్లు చేయాల్సిన పనిగా చూస్తే నా ఓటు దానికి పడదు.

మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గాను. కొవ్వు కరిగినట్టేనా?

చాలావరకు నీళ్లు. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే రూపంలో పిండి పదార్థం నిల్వ ఉంటుంది, 400 నుంచి 500 గ్రాముల దాకా. ఒక్కో గ్రాము తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్లను పట్టుకుని కూర్చుంటుంది. అన్నం తగ్గించగానే ఆ నిల్వ ఖర్చవుతుంది, నీళ్లు బయటికి పోతాయి. మళ్లీ ఒకరోజు విందు భోజనం చేస్తే కిలోన్నర పెరిగి కనిపించేది కూడా అందుకే. రెండూ నమ్మకండి. మూడో వారం నుంచి కనిపించే అంకె నిజమైనది. అది వారానికి అర కిలో ఉంటే చాలా బాగున్నట్టు.

రోజుకు ఎంత అన్నం తినొచ్చు? గ్రాముల్లో చెబితే అర్థం కావడం లేదు.

నాకూ గ్రాముల్లో చెప్పడం ఇష్టం లేదు. ఇంట్లో అన్నం వడ్డించే గరిటెతో లెక్క పెడదాం. (మా అమ్మ దాన్ని గంటె అంటుంది.) మా ఇంటి గరిటె నిండా తీస్తే 110 గ్రాముల అన్నం వస్తుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి కాబట్టి ఒక గరిటె అంటే 30 గ్రాములు అనుకోండి. ఇక నుంచి దీన్నే రూపాయిలా వాడతాను.

అన్నమే కాదు, తిన్నవాటన్నింటిలోని కార్బ్స్ కలిపి మీ రోజు ఖర్చు నాలుగున్నర గరిటెలు. మధ్యాహ్నం ఒక్కపూటే నాలుగు గరిటెల అన్నం తినే ఇళ్లు మన దగ్గర కోకొల్లలు. అప్పటికి పొద్దున ఇడ్లీలు, సాయంత్రం టీ, రాత్రి పెరుగన్నం లెక్కలోకే రాలేదు.

ఒక రోజు ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున ఒక పెసరట్టు, రెండు గుడ్లు. మధ్యాహ్నం ఒక గరిటె అన్నం, ఇంకో అర గరిటె రసానికి. దాంతో కప్పు ఆకుకూర పప్పు, పళ్లెంలో సగం కూరగాయ, చివర్లో మజ్జిగ. సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు (వేరుశనగలు). రాత్రి చిన్న సంగటి ముద్దో, రెండు పలచటి చపాతీలో, వాటితో కోడికూరో పనీరో, కీరదోసకాయ ముక్కలు. పప్పులో, కూరలో, మజ్జిగలో ఉన్న కార్బ్స్ కూడా కలిపితే 130, 140 దగ్గర తేలుతుంది. దీంట్లో ఎవరూ ఆకలితో పడుకోరు. ఆకలేస్తే కూర ఇంకో గరిటె వేసుకోండి, అన్నం వద్దు.

కూరగాయ అంటే బీర, సొర, పొట్ల, వంకాయ, బెండ, మటిక్కాయలు (గోరుచిక్కుడు), కాకర, క్యాబేజీ. ఉర్లగడ్డ, చిలగడదుంప, కర్రపెండలం కూరగాయల బండి మీద దొరికినా నా లెక్కలో అవి అన్నానికి చుట్టాలు.

రాగి సంగటి ఎంతైనా తినొచ్చు కదా మేడమ్? మా తాత మూడు ముద్దలు తినేవాడు.

ఈ ప్రశ్న అడగని వారం లేదు, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

మీ తాత మూడు ముద్దలు తిన్నాడు, నిజమే. పొద్దున నాలుగింటికి లేచి కపిల తోలాడు, మడక దున్నాడు, మధ్యాహ్నం దాకా చెనిక్కాయ చేలో వంగి కలుపు తీశాడు. మీరు స్కూటర్ మీద ఆఫీసుకెళ్లి ఏసీలో కూర్చుంటున్నారు. ముద్ద మారలేదు, మనం మారాం.

రాగిలో మంచి గుణాలు చాలా ఉన్నాయి. వంద గ్రాముల్లో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పీచు తెల్లబియ్యం కంటే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంటుంది. అయితే పిండి పదార్థం కూడా వందకు 65 గ్రాముల పైనే ఉంటుంది. బియ్యంలో 78. తేడా ఉంది, కానీ మూడు ముద్దలకు లైసెన్స్ ఇచ్చేంత తేడా కాదు. పైగా మన చిత్తూరు సంగటిలో రాగిపిండి ఒక్కటే ఉండదు, బియ్యమో నూకలో ముందు ఉడికించి పిండి వేసి గెలుకుతాం. హోటల్లో వేసే పెద్ద ముద్ద ఒకటి రెండు గరిటెల అన్నానికి పైగానే సమానం.

సంగటి గొప్పతనం దాని పక్కన ఉండేవాటిలో ఉంది. నాటుకోడి పులుసు, ఊరిబిండి, పుల్లగూర, ఉలవ కట్టు. నారింజపండంత ముద్ద చాలు. బియ్యం తగ్గించి పిండి పెంచి గెలకండి. చేతులు నొప్పెడతాయి, అదొక వ్యాయామం అనుకోండి.

జాతరలో పోసే అంబలి వేరే కథ. పిండి తక్కువ, నీళ్లు, మజ్జిగ ఎక్కువ. ఎండాకాలం ఒక గ్లాసు తాగితే అర గరిటె లెక్క కూడా రాదు. కూల్‌డ్రింకు కంటే వెయ్యి రెట్లు మేలు.

కొర్రలు, సామలు తింటే లో-కార్బ్ అయినట్టేనా?

కాదు. అవీ ధాన్యాలే, 100 గ్రాముల్లో 60, 65 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. పీచు బాగుంటుంది కాబట్టి తెల్లన్నం స్థానంలో అదే కొలతకు తినండి. కొలత పెంచడానికి మాత్రం సాకు కాదు.

టిఫిన్ సంగతి? ఇడ్లీ తేలిక కదా.

అరగడానికి తేలిక. ఒక ఇడ్లీలో సుమారు 12 గ్రాముల కార్బ్స్. నాలుగు తింటే గరిటెన్నర పైన, ప్రొటీన్ మాత్రం బొటాబొటిగా. పదకొండింటికి మళ్లీ ఆకలి. రెండు ఇడ్లీ, గిన్నెడు గట్టి సాంబారు, ఒక గుడ్డు అయితే మధ్యాహ్నం దాకా ఆగగలరు. పొంగల్‌లో పెసరపప్పు ఉంటుంది కదా అని కొందరు వాదిస్తారు. ఉంటుంది, పోపులో మిరియమంత. పొద్దున బండి దగ్గర తినక తప్పనివాళ్లు ఒక దోశ తిని, ఇంటి నుంచి ఉడకబెట్టిన గుడ్లు తెచ్చుకోండి. బండివాడు ఏమీ అనుకోడు, నేను చేసి చూశాను.

మేం మాంసం ముట్టం. ప్రొటీన్ ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు ఎంత కావాలో చూద్దాం. ఐసీఎంఆర్ చెప్పిన కనీసం కిలో బరువుకు 0.83 గ్రాములు. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే కిలోకు ఒక గ్రాము, 1.2 దాకా పెడతాను. 70 కిలోల మనిషికి 70 నుంచి 80 గ్రాములు. శాకాహారులకు ఇది కష్టమే, అసాధ్యం కాదు. వంద గ్రాముల పనీరులో 18, పావులీటరు గట్టి పెరుగులో 8 నుంచి 10, ఎండు పప్పుల్లో వందకు 22 చొప్పున ఉంటాయి. మీల్‌మేకర్ గొడ్డుకారంగా వేయించి పెడితే మా ఇంట్లో పిల్లలు చికెన్ అనుకునే తింటారు.

ఇక్కడ ఒక చిక్కుంది, చాలామంది చెప్పరు. పప్పులో ప్రొటీన్‌తో పాటు కార్బ్స్ కూడా ఉంటాయి, ఎండు పప్పులో సగానికి పైగా. అందుకే శాకాహారి పప్పుల మీద ఆధారపడి 50 గ్రాముల కీటో చేయడం దాదాపు కుదరదు. 130 దగ్గర ఉండే పద్ధతి కుదురుతుంది. అన్నం తగ్గించిన మేరకు పప్పు పెంచినా లెక్క సరిపోతుంది, ఎందుకంటే పప్పులో పీచు ఉంది, అది మెల్లగా అరుగుతుంది.

చలికాలం వస్తే మన జిల్లావాళ్లంత అదృష్టవంతులు లేరు. అనపకాయలు దిగుతాయి. గింజలు రాత్రి నానబెట్టి, పొద్దున ఇల్లంతా చుట్టూ కూర్చుని ఒక్కోటీ పితికి, ఆ పితికిపప్పుతో పులుసు పెడితే దానికి అన్నం అవసరమే అనిపించదు. సంక్రాంతి ముందు రెండు నెలలు నా దగ్గరికి వచ్చేవాళ్లకి నేను రాసిచ్చే చీటీలో మొదటి లైను అదే. మిగతా కాలాల్లో అలసందలు, ఉలవలు, పెసలు ఉన్నాయి.

చెనిక్కాయలు మంచివేనా? కొలెస్ట్రాల్ పెరగదా?

చెనిక్కాయల్లో అసలు కొలెస్ట్రాల్ ఉండదు. వందకు 25 గ్రాముల ప్రొటీన్, 16 గ్రాముల కార్బ్స్ మాత్రమే. కానీ కేలరీలు 560 దాటతాయి. గుప్పెడంటే గుప్పెడే. టీవీ ముందు పళ్లెంలో పోసుకుని కూర్చుంటే ఆ సాయంత్రానికి లెక్క అయిపోయినట్టే.

కార్బ్స్ తగ్గిస్తున్నాం కాబట్టి నూనె, నెయ్యి ఎంతైనా వాడొచ్చా?

వాడకూడదు. గ్రాము పిండి పదార్థానికి 4 కేలరీలు, ప్రొటీన్‌కి 4, కొవ్వుకి 9. అన్నం తగ్గిన చోట నెయ్యి ధారగా పోస్తే కేలరీలు ఎక్కడివక్కడే. కొందరిలో చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, బాగా పెరుగుతుంది కూడా. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, మూడు నెలల తర్వాత ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించమంటాను.

2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ నన్ను బాగా ఆలోచింపజేసింది. కార్బ్స్ మరీ ఎక్కువ తిన్నవాళ్లలోనూ, మరీ తక్కువ తిన్నవాళ్లలోనూ మరణాలు ఎక్కువగా కనిపించాయి. తక్కువ తిన్నవాళ్లలో కూడా, ఆ ఖాళీని మాంసం, జంతువుల కొవ్వుతో నింపినవాళ్లకీ, పప్పులు, గింజలు, కూరగాయలతో నింపినవాళ్లకీ మధ్య తేడా కనిపించింది. రెండోవాళ్లదే మెరుగు. ఇలాంటి పరిశీలనలు కారణాన్ని రుజువు చేయవు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ రోజూ మటన్, బటర్ తినే లో-కార్బ్‌కీ, పితికిపప్పు, పెరుగు, చేప తినే లో-కార్బ్‌కీ మధ్య ఎంచుకోమంటే నేను ఆలోచించను.

లో-ఫ్యాట్ కంటే ఇదే మంచిదని రుజువైందా?

లేదు, నిజాయితీగా చెప్పాలంటే. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 609 మందితో ఏడాది చేసిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. కొవ్వు తగ్గించినవాళ్లు సగటున 5.3 కిలోలు, కార్బ్స్ తగ్గించినవాళ్లు 6 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కలోకి వచ్చేంతది కాదు. అంతకుముందు ఇజ్రాయెల్‌లో 322 మందితో రెండేళ్లు చేసిన దాంట్లో, 2008లో, లో-కార్బ్ వాళ్లు 4.7 కిలోలు, లో-ఫ్యాట్ వాళ్లు 2.9 కిలోలు తగ్గారు. రెండు ప్రయోగాల్లోనూ ఒకే గుంపులో కొందరు బాగా తగ్గారు, కొందరు అసలు తగ్గలేదు.

మరి నేను దీన్నెందుకు పట్టుకున్నాను? మన పళ్లెంలో కొవ్వు కంటే పిండి ఎక్కువ పేరుకుపోయింది కాబట్టి. ఎక్కడ ఎక్కువుందో అక్కడ తగ్గించడం సులువు.

పండ్లు తినొచ్చా? మామిడికాయల సీజన్లో ఎలా ఉండాలి?

జామ, బొప్పాయి, నేరేడు, ముంజలు రోజూ తినండి. అరటిపండు ఒకటి దాదాపు ఒక గరిటె. మామిడి విషయానికొస్తే, ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఉండి మే నెలలో మామిడి తినొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. మధ్యరకం బంగినపల్లి ఒకటి తింటే 30 గ్రాముల దాకా కార్బ్స్, అంటే ఒక గరిటె అన్నం. ఆ పూట అన్నం మానేసి పండు తినండి. భోజనమయ్యాక మీద రెండు పళ్లు కోసుకోవడమే కొంప ముంచేది. జ్యూస్ వద్దు, పండు రసం తీసి తాగితే పీచు పోయి తీపి మిగులుతుంది.

చక్కెర బదులు బెల్లం వాడుతున్నాం...

చిత్తూరు బెల్లం రుచికి నేనూ దాసురాలినే. బరువు లెక్కలో మాత్రం రెండూ ఒకటే.

లడ్డూ ప్రసాదం?

కాదనకూడదు, కాదనలేం. మామూలు లడ్డూ 175 గ్రాములు తూగుతుంది. శనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, కలకండ. నా అంచనాలో 700 కేలరీలు దాటతాయి, కార్బ్స్ మూడు గరిటెల పైమాటే. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కితే డెబ్బై కిలోల మనిషికి ఖర్చయ్యేది 500, 600 కేలరీలు. నడిచి కొండెక్కాను కదా అని లడ్డూ మొత్తం తినేసినవాళ్లు ఇంకా కొండకే బాకీ. శ్రీవారి మెట్టు నుంచి అయితే 2,388 మెట్లే.

ప్రసాదం కళ్లకద్దుకుని చిటికెడు తినడం మన పెద్దల పద్ధతి. మిగతాది పంచడమే పుణ్యం. అయితే తిరుపతిలో ఇంకో ఇబ్బంది ఉంది, బయటి ఊళ్లవాళ్లకు అర్థం కాదు. కొండకు వెళ్లొచ్చిన ప్రతి చుట్టమూ మనింటికే లడ్డూలు తెస్తారు. ఫ్రిజ్‌లో ఎప్పుడూ మూడుంటాయి. రాత్రి పదకొండింటికి ఫ్రిజ్ తలుపు తీసి చెంచాతో కాస్త కాస్త గీరుకు తినేవాళ్లను నేను చాలామందిని చూశాను, మా ఆయనతో సహా. వచ్చిన రోజే ముక్కలు చేసి, వాచ్‌మన్‌కి, పక్కింటికి, ఆఫీసుకి పంపేయండి.

పెరటాసి (సెప్టెంబరు-అక్టోబరులో వచ్చే తమిళ నెల) శనివారాలు, పెళ్లిళ్లు వస్తే డైట్ పోయినట్టేనా?

ఏడాదిలో అలాంటి రోజులు ఓ ముప్పై ఉంటాయి. మిగతా 335 రోజులు మన చేతిలో ఉన్నాయి. తళిగ (వేంకటేశ్వరుడికి నైవేద్యం) వేసిన రోజు పులిహోర, వడ, పాయసం తినండి. మర్నాడు పొద్దున ఉపవాసం, ప్రాయశ్చిత్తం అంటూ మొదలుపెట్టొద్దు. మామూలుగా పెసరట్టు వేసుకోండి. నెలంతా మాంసం మానే ఇళ్లలో ప్రొటీన్ పడిపోయి, ఆ ఖాళీలోకి చిత్రాన్నం వచ్చి చేరుతుంది. పెరటాసిలో బరువు పెరిగామని వచ్చేవాళ్లు ఎక్కువ. ముందుగానే పనీరు, మీల్‌మేకర్, అలసందలు తెచ్చి పెట్టుకోవాలి.

నాకు షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటున్నాను. మొదలుపెట్టొచ్చా?

మీ డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు. ఈ పేజీలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వాడేవాళ్లు ఒక్కసారిగా అన్నం తగ్గిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, స్పృహ తప్పొచ్చు. ముందు డోసు తగ్గించాలా అన్నది డాక్టర్ నిర్ణయించాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రల మీద ఉన్నవాళ్లు కార్బ్స్ బాగా తగ్గిస్తే కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరిగిపోవడం) అనే ప్రమాదం ఉంది. అందులో మీటర్ మీద షుగర్ మామూలుగానే కనిపించవచ్చు, అదే మోసం. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి వస్తే ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు లేచి నిలబడితే కళ్లు తిరగొచ్చు. బరువు తగ్గేకొద్దీ వాటి డోసు కూడా చూడాల్సి వస్తుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, ఎదిగే పిల్లలు దీన్ని సొంతంగా చేయకూడదు. తిండి విషయంలో ఇదివరకే మానసికంగా ఇబ్బంది పడినవాళ్లకు కూడా గరిటెల లెక్కలు మంచివి కావు.

మొదలుపెట్టాక తలనొప్పి, మలబద్ధకం వచ్చాయి.

కార్బ్స్ తగ్గితే శరీరం ఉప్పును, నీళ్లను ఎక్కువగా బయటికి పంపేస్తుంది. మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసి రోజుకు రెండు గ్లాసులు తాగండి (బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు డాక్టర్‌ని అడిగి). మలబద్ధకం ఉందంటే అన్నం తగ్గించారు కానీ కూర పెంచలేదని అర్థం. ఆకుకూర రెండు పూటలా పెట్టండి.

బ్రాందీలో కార్బ్స్ ఉండవంట కదా, మాకు తెలిసిన ఒక సార్ చెప్పారు...

ఉండవు. ఆల్కహాల్‌లో గ్రాముకు 7 కేలరీలు ఉంటాయి. ఆ సారు పక్కన పెట్టుకునే చికెన్ పకోడీ, మిక్స్‌చర్ గురించి కూడా చెప్పుంటే బాగుండేది.

ఆరు నెలలు బాగా తగ్గాను, ఇప్పుడు అంకె కదలడం లేదు. ఏం తప్పు చేస్తున్నాను?

తప్పేమీ కాకపోవచ్చు. బరువు తగ్గిన శరీరానికి ఖర్చు తక్కువ. ఒక్కో కిలో తగ్గినప్పుడు రోజు ఖర్చు 20, 30 కేలరీలు తగ్గుతుందనీ, ఆకలి మాత్రం దాదాపు 100 కేలరీల మేర పెరుగుతుందనీ పరిశోధకులు లెక్కగట్టారు. అంటే పది కిలోలు తగ్గిన మనిషి మీద ఆకలి రోజూ ఎంత గట్టిగా లాగుతుందో చూడండి. మనసు బలహీనమని తిట్టుకోవద్దు, శరీరం తన పని తాను చేస్తోంది.

నేను ముందు గరిటె చూస్తాను. ఆరు నెలల్లో నిండు గరిటె గోపురం గరిటె అయిపోయి ఉంటుంది, పదిలో ఏడుగురికి ఇదే. తర్వాత టీలు. రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు టీలంటే గరిటె అన్నానికి సమానం. ఆ తర్వాత నిద్ర, నైట్ డ్యూటీలు. ఇవన్నీ బాగున్నా కదలకపోతే, 80 కిలోల మనిషి 72కి వచ్చి ఆగితే, ఆగనివ్వండి. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా షుగర్‌కీ బీపీకీ మేలు కనిపిస్తుంది. రెండు మూడు నెలలు 72 దగ్గరే నిలబడటం నేర్చుకోవడం కూడా పనే. నా కీటో రోజుల్లో నేను నేర్చుకోనిది అదే.

నడుం కూడా కొలవండి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు మనవాళ్లకు పెట్టిన హద్దు. అంకె ఆగినా టేపు తగ్గుతున్నవాళ్లు ఉంటారు.

పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడుస్తున్నాం. అది చాలదా?

నడక గుండెకు మంచిది, ఆపొద్దు. కానీ కండ కోసం వారానికి రెండుసార్లయినా బరువులెత్తే పని కావాలి. జిమ్ లేకపోతే గుంజీళ్లు, గోడకు దండీలు, రెండు చేతుల్లో రెండు నీళ్ల క్యాన్లు. ఇంకోమాట, నడక అయ్యాక గేటు బయట అందరూ కలిసి తినే ఆ వడల సంగతి నాకు తెలుసు.

ఇంట్లో నా ఒక్కదానికే వేరే వంట అంటే కుదరదు. మా అత్తగారు ఒప్పుకోరు.

వేరే వంట వద్దు. అదే పప్పు, అదే కూర, అదే అన్నం. కూర మాత్రం రెండింతలు వండండి, మీరు వడ్డించుకునే వరుస మార్చండి. ముందు కూర, పప్పు తినండి, అన్నం తర్వాత. అత్తగారికి లెక్కలు చెప్పకండి. "కోడలు అన్నం తినడం లేదు" అనేది మన ఇళ్లలో పెద్ద మాట, పుట్టింటిదాకా పోతుంది. ఒకావిడ మా దగ్గరికి వచ్చినప్పుడు ఉపాయం చెప్పింది. పెద్ద పళ్లెం తీసేసి చిన్న పళ్లెం పెట్టుకుందట, అత్తగారు రెండుసార్లు వడ్డించినా పాత కొలతలో సగమే. అత్తగారికి తృప్తి, కోడలికి ఏడాదిలో తొమ్మిది కిలోలు తగ్గుదల.

మొదటిసారి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి?

ఈమధ్య చేయించిన షుగర్, లిపిడ్, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్ రిపోర్టులు. వాడుతున్న మాత్రల చీటీ, ఆయుర్వేదం మందులుంటే అవి కూడా. మూడు రోజులు తిన్నవీ తాగినవీ రాసిన కాగితం, ఆదివారం ఒకటి కలిపి. వాటితో పాటు మీ ఇంట్లో అన్నం వడ్డించే గరిటె. నా దగ్గర తూకం ఉంది.